టాస్క్ యాప్ నుంచి కస్టమర్లకి ఆటోమేటిక్ ఎస్ఎంఎస్: రెండేళ్లు వాడాక నా మాట

శ్రీకాకుళంలో మాది వాటర్ ఫిల్టర్లు, ఇన్వర్టర్ బ్యాటరీల సర్వీసు పని. టుడూయిస్ట్ అనే పనుల జాబితా యాప్‌లో పని రాసుకుంటే అది గూగుల్ క్యాలెండర్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి షాపులో ఛార్జర్‌కి తగిలించి ఉంచిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఆ కస్టమర్‌కి దానంతటదే ఎస్ఎంఎస్ కొడుతుంది. ఇలా పెట్టుకుని రెండేళ్లు దాటింది, ఇంకా నడుస్తోంది. ఐదుకి నాలుగు ఇస్తా. కోసిన ఆ ఒక్క మార్కూ యాప్‌ల వల్ల కాదు, ఎందుకో కింద చెప్తాను.

ముందు అవసరం ఏంటంటే, ఆర్వోలో మొదట ఉండే, మట్టి ఆపే సెడిమెంట్ ఫిల్టర్ మామూలుగా ఆర్నెల్లకోసారి మార్చాలి, బోరు నీళ్లు పట్టే ఇళ్లలో అయితే ఇంకా ముందే. ఇన్వర్టర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. ఈ రెండూ ఏ ఇంట్లోనూ ఎవరికీ గుర్తుండవు. తుపాను హెచ్చరిక వచ్చి, కరెంటు పోయి, అరగంటకే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయాక అప్పుడు ఫోన్లు మొదలవుతాయి, అన్నీ ఒకేసారి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి మా జిల్లాలో ఇన్వర్టర్‌ని ఎవరూ సోకు కింద చూడరు. కానీ నీళ్లు మాత్రం పోయరు.

వెతికినవాటి గురించి త్వరగా చెప్పేస్తా. గూగుల్ క్యాలెండర్ ఒకప్పుడు తనే ఎస్ఎంఎస్ పంపేది, 2019 జనవరిలో ఆపేశారు, అదీ క్యాలెండర్ యజమానికే వచ్చేది గానీ కస్టమర్‌కి కాదు. నెట్‌లో ఎవరిని అడిగినా జాపియర్‌తో (ఒక యాప్‌లో పని జరిగితే ఇంకో యాప్‌ని కదిలించే సర్వీసు) ట్విలియో (ఎస్ఎంఎస్‌లు పంపిపెట్టే కంపెనీ) కలపమంటారు. అమెరికాలో ఉన్నవాళ్లకి అది బాగానే ఉంటుంది. జాపియర్ ఉచిత ప్లాన్‌లో నెలకి 100 టాస్కులే (దానంతటదే జరిగే ఒక్కో పని ఒక టాస్క్), ట్విలియో ట్రయల్ ఖాతాతో ముందే వెరిఫై చేసిన నంబర్లకే మెసేజ్ పోతుంది, దాని మొదట్లో ట్రయల్ అకౌంట్ నుంచి అని ఇంగ్లీషులో ముద్ర కూడా పడుతుంది. డబ్బు కట్టి వాడదామన్నా ఖర్చు డాలర్లలో. నరసన్నపేటలో పెద్దాయనకి ఫిల్టర్ సంగతి చెప్పడానికి ఇంత దూరం తిరిగి రావాలా అనిపించి వదిలేశాను.

మిగిలింది బల్క్ ఎస్ఎంఎస్. ఇక్కడ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలున్నాయి: వ్యాపారం తరఫున పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో (వ్యాపార మెసేజ్‌ల రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు) సంస్థ పేరు, హెడర్ (నంబర్‌కి బదులు కనిపించే పొట్టి పేరు), మెసేజ్ టెంప్లేట్ (ముందే ఖాయం చేసిన మెసేజ్ నమూనా) అన్నీ రిజిస్టర్ చేయించాలి, టెంప్లేట్‌కి ఒక్క అక్షరం తేడా వచ్చినా మెసేజ్ పోదు. 2021 మార్చిలో ఆ తనిఖీ గట్టిగా మొదలుపెట్టిన రోజు దేశమంతా ఓటీపీలు ఆగిపోయి, మళ్లీ కొన్నాళ్లు వాయిదా వేశారు, గుర్తుందా? పెద్ద షాపులకి ఇదే సరైన దారి, కాదనను. నా బాధ వేరు. హెడర్‌తో వచ్చే మెసేజ్‌ని మా కస్టమర్లు తెరవరు, బ్యాంకుదో లోన్‌దో అనుకుని వదిలేస్తారు. తెలిసిన పది అంకెల నంబర్ నుంచి వస్తే మాత్రం చదువుతారు, చదివాక దానికే మిస్డ్ కాల్ ఇస్తారు. ఈ మొత్తం ఏర్పాటు పనిచేస్తోందంటే సగం కారణం ఆ నంబరే.

సరే, నా సెటప్. టుడూయిస్ట్‌లో ఒక్కో కస్టమర్‌కి ఒక్కో టాస్క్, టైటిల్‌లో పేరు, వివరాల్లో ఫోన్ నంబర్, గడువు తేదీ. తేదీ దగ్గర ఒక చిట్కా చాలామందికి తెలీదు. ఎవ్రీ 3 మంత్స్ అని రాస్తే మొదటి తేదీ నుంచే లెక్క నడుస్తుంది, ఎవ్రీ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే మనం పని పూర్తి చేసి టిక్ కొట్టిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. సర్వీసు పనికి కావాల్సింది ఇదే, ఎందుకంటే జూన్‌లో మార్చాల్సిన ఫిల్టర్‌ని ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేక జులై చివర్లో మారిస్తే తర్వాతిది జులై నుంచే లెక్కపెట్టాలి కదా.

క్యాలెండర్‌లోకి వచ్చిన ఆ టాస్క్‌ని పాత ఫోన్‌లోని మాక్రోడ్రాయిడ్ అనే ఆటోమేషన్ యాప్ చూస్తుంది, టైమ్ అవగానే నంబర్ తీసుకుని షాపు సిమ్ నుంచి మెసేజ్ పంపుతుంది. ఉచితంగా ఐదు మాక్రోల (ఇది జరిగితే అది చెయ్యి అని పెట్టుకునే ఆదేశాలు) వరకు ఇస్తారు, నాకు అవే ఎక్కువ. టాస్కర్ అనే ఇంకో యాప్ ఇంతకంటే బలమైనదే, కానీ అది నేర్చుకోవాలంటే ఓపిక కావాలి, నాకు లేదు. టైమ్ సాయంత్రం ఆరు పెట్టాను. ఒక రోజు ఆమదాలవలస వైపు, ఒక రోజు నరసన్నపేట, ఒక రోజు టెక్కలి, ఇలా కుర్రాళ్ల రూటు ఉంటుంది గనక ముందురోజు సాయంత్రం మెసేజ్ పోతే రాత్రిలోగా ఎవరింట్లో ఉంటారో తేలిపోతుంది.

ఇప్పుడు మెసేజ్ రాయడం, ఇక్కడే అందరూ డబ్బు పోగొట్టుకునేది. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగులో ఒక్క అక్షరం రాసినా మొత్తం మెసేజ్ యూనికోడ్‌కి (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) మారిపోయి 70కి దిగిపోతుంది, అది దాటితే ముక్కకి 67 చొప్పున కోసి పంపుతారు, ఎన్ని ముక్కలైతే అన్ని మెసేజ్‌ల కింద లెక్క. పైగా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి, ఫిల్టర్ అన్న మాట కంటికి మూడక్షరాలే, ఎస్ఎంఎస్‌కి మాత్రం ఏడు. రోజుకి 100 ఎస్ఎంఎస్‌ల ప్యాక్‌లో నాలుగు ముక్కల మెసేజ్ పెడితే పాతిక మందికే అయిపోతుంది. నేను పంపేది ఇది:

మీ ఫిల్టర్ మార్చే సమయం అయింది. రేపు రావచ్చా?

ఖాళీలతో కలిపి 44. మిగిలిన 26లో ముందు కస్టమర్ పేరు, చివర్లో షాపు పేరు సరిపెట్టాలి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేయొచ్చు కదా అంటారు. కుర్రాళ్లు చదువుకుంటారు గానీ ఇంట్లో ఫోన్ చూసేది పెద్దవాళ్లు, తెలుగులో వస్తేనే వాళ్లు మనదే అనుకుంటారు. మొదట్లో ఒకావిడ ఫోన్ చేసి "ఏటి బాబూ, మెసేజీ నువ్వే పెట్టినావా, మరి ఇంతకీ ఎప్పుడొస్తావు?" అని అడిగారు. అందుకే షాపు పేరు ఉండాల్సిందే.

వాట్సాప్ ఎందుకు కాదని కూడా అడుగుతారు. కీప్యాడ్ ఫోన్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ల దగ్గరేమో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద మన మెసేజ్ ఎక్కడో ఉంటుంది. ఎస్ఎంఎస్‌కి నెట్ అక్కర్లేదు, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా కంపెనీ సర్వర్‌లో కొంతకాలం ఆగి సిగ్నల్ దొరకగానే వచ్చి పడుతుంది.

ఇక ఆ కోసిన మార్కు సంగతి. మొదటిది ఫోన్. కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌ని చంపేస్తారు, మెసేజ్‌లు పోలేదని కూడా తెలియదు. సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి, ఆటోస్టార్ట్ ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అవి మళ్లీ చూసుకోవాలి. ఒకేసారి చాలా మెసేజ్‌లు పోతుంటే ఆండ్రాయిడ్ తనే ఆపి, ఈ యాప్ ఎక్కువ మెసేజ్‌లు పంపుతోంది, పంపనివ్వాలా అని అడుగుతుంది, ఆ ప్రశ్నకి జవాబిచ్చే మనిషి షాపులో లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. మధ్యలో నిమిషం ఖాళీ పెట్టి పంపించడం మొదలెట్టాక ఆ గొడవ తగ్గింది. రోజూ చివర్లో నా సొంత నంబర్‌కి ఒక మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను, అది రాలేదంటే ఫోన్ పడుకుందని అర్థం.

రెండోది టిక్. టుడూయిస్ట్‌లో పని పూర్తయిందని కొట్టకపోతే తర్వాతి తేదీ రాదు, తేదీ రాకపోతే మెసేజ్ లేదు, మెసేజ్ లేకపోతే ఆ కస్టమర్ మళ్లీ బ్యాటరీ ఎండిపోయాకే గుర్తొస్తాడు. ఎండలో బండి మీద తిరిగే కుర్రాడు ప్రతి ఇంటి దగ్గరా యాప్ తెరిచి టిక్ కొడతాడని ఏ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడు అనుకున్నాడో గానీ, మావాళ్లు కొట్టరు. చివరికి డబ్బులతో ముడిపెట్టాను: టిక్ పడిన ఇంటికే ఆ రోజు పెట్రోలు లెక్క. వెంటనే దారిలోకొచ్చారు.

ఎవరైనా ఇలా పెట్టుకుందామనుకుంటే ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, మామూలు నంబర్ నుంచి ఆఫర్లు, పండగ డిస్కౌంట్లు పంపకండి. రిజిస్టర్ కాని నంబర్ నుంచి వ్యాపార మెసేజ్ వస్తే జనం స్పామ్ ఫిర్యాదుల నంబర్ 1909కి ఫిర్యాదు చేయొచ్చు, 2025లో మార్చిన నిబంధన ప్రకారం పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చాలు, నంబర్ మీద చర్య మొదలవుతుంది. నేను బిల్లు రాసేటప్పుడే మెసేజ్ పెట్టమంటారా అని అడిగి, సరే అన్నవాళ్లకే పంపుతాను, వద్దన్నవాళ్ల టాస్క్‌లో నంబర్ రాయను. ఈ మధ్య విజయనగరం వైపు కూడా పని పెరుగుతోంది, అక్కడివాళ్లకి నా నంబర్ పరిచయం లేదు, వాళ్ల కోసం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్‌కి కాగితాలు సర్దుతున్నాను. పాత కస్టమర్లకి మాత్రం షాపు సిమ్మే.