ప్రశ్న సీ భాషదా, సిస్టమ్‌దా? ఎవరిని అడగడం మేలు?

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో టర్బో సీ అనే డాస్ కాలపు కంపైలరు మీద చదువుకున్న విద్యార్థి అదే ప్రోగ్రామును లినక్స్‌లో జీసీసీ అనే కంపైలరుతో కంపైల్ చేయబోతే, కోనియో డాట్ హెచ్ అనే ఫైలు లేదంటూ మొదట్లోనే ఎర్రర్ వస్తుంది. అవుట్‌పుట్ చూసేదాకా తెర ఆగి ఉండాలని చివర్లో రాసే గెట్‌సీహెచ్ అనే ఫంక్షన్ ఆ ఫైలుకు చెందినదే. "సీలో గెట్‌సీహెచ్ ఎందుకు పనిచేయదు?" అన్న అతని ప్రశ్నను సీ భాష చర్చించుకునే అందరి ముందూ పెట్టాలా, లినక్స్ తెలిసినవారిని వెతుక్కుని అడగాలా?

ఈ ప్రశ్న వరకు లినక్స్ వారిని అడగడమే మేలు. 1989లో అమెరికాలోనూ 1990లో అంతర్జాతీయంగానూ ఖరారైన సీ ప్రమాణంలో (భాష నియమాలను నిర్దేశించే పత్రంలో) గానీ, తర్వాతి కూర్పుల్లో గానీ గెట్‌సీహెచ్ లేదు. లినక్స్ టెర్మినల్ మామూలుగా ఎంటర్ నొక్కేదాకా అక్షరాలను ప్రోగ్రాముకు అందించదు కాబట్టి, టెర్మినల్ అమరికలకు ఉద్దేశించిన టెర్మియోస్ ద్వారా ఆ అమరికను మార్చాలి, లేదా తెరనూ మీటలనూ చూసుకునే ఎన్‌కర్సెస్ లైబ్రరీ వాడాలి. సీలో ఎంత పండినవారికైనా ఇది తెలిసి ఉండాలని లేదు. తెలియనివారు తప్పు జవాబిస్తే, దిద్దగలవారు ఆ చర్చలో ఉంటారన్న నమ్మకమూ లేదు. ప్రోగ్రామును కాసేపు ఆపే స్లీప్ సంగతే చూడండి: విండోస్‌లో పెద్ద ఎస్‌తో రాసే స్లీప్‌కు 5 ఇస్తే 5 మిల్లీసెకన్లు, యూనిక్స్‌లో చిన్న ఎస్‌తో రాసే స్లీప్‌కు 5 ఇస్తే 5 సెకన్లు. సిస్టమ్ పేరు చెప్పకుండా అడిగినవారికి ఈ రెండు జవాబులూ పక్కపక్కనే వస్తే అయోమయమే మిగులుతుంది.

అయితే "విండోస్‌లో మాత్రమే ఇలా జరుగుతోంది" అనగానే అది విండోస్ ప్రశ్న అయిపోదు. ఒక బొమ్మ ఫైలును చదివే ప్రోగ్రాము లినక్స్‌లో చివరిదాకా చదివి, విండోస్‌లో మధ్యలోనే ఆగిపోయిందనుకుందాం. విండోస్‌లో టెక్స్ట్ పద్ధతిలో తెరిచిన ఫైల్లో 26 విలువ గల బైటు ఎదురైతే, డాస్ కాలపు ఆనవాయితీ ప్రకారం దాన్ని ఫైలు ముగింపుగా లెక్కిస్తారు. లినక్స్‌లో ఆ ఆనవాయితీ లేదు. లక్షణం విండోస్‌దే అయినా, మందు మాత్రం సీ ప్రమాణంలోనే ఉంది: ఫైలును తెరిచే ఎఫ్‌ఓపెన్‌లో, చదవడానికని రాసే ఆర్ పక్కన బీ అక్షరం చేర్చి, ఫైలును బైనరీ పద్ధతిలో తెరవాలి. టర్బో సీలో 20000కు 20000 కలిపితే మైనస్ 25536 కనబడటమూ ఇలాంటిదే. అక్కడ పూర్ణాంకాలను దాచే ఇంట్ పరిమాణం 2 బైట్లు, అంటే 16 బిట్లు; 40000 అందులో పట్టదు. ప్రమాణం హామీ ఇచ్చేది కనీసం 16 బిట్లే. 64 బిట్ల విండోస్‌లో లాంగ్ అనే మరో పూర్ణాంక రకం 4 బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో సాధారణంగా 8 బైట్లు కావడం కూడా భాష ఇచ్చిన వెసులుబాటే. ఇలాంటి ప్రశ్నలను సిస్టమ్ వారి దగ్గరికి తోసేస్తే, ఆ ఒక్క యంత్రం మీద నడిచే సర్దుబాటు దొరుకుతుందే తప్ప, భాష ఎంతవరకు హామీ ఇస్తుందో విద్యార్థికి ఎప్పటికీ తెలియదు. నా దృష్టిలో సీ చర్చలకు అసలైన ముడిసరుకు ఇవే.

ప్రమాణాన్ని చూపి జవాబు చెప్పగలిగితే సీ వారిని, చెప్పలేకపోతే సిస్టమ్ వారిని అడగాలన్నది సరైన కొలతే. కాని, ఆ కొలత అడిగేవారి చేతిలో ఉండదు. ప్రమాణంలో ఏముందో తెలిస్తే అతనికి ఈ సందేహమే రాదు. అందుకే ఎటూ తేల్చుకోలేనప్పుడు ముందు సీ వారినే అడగడం మంచిదని నేను అంటాను. అడిగేవారు ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలరు, దాని వెర్షన్ తప్పక రాయాలి. జవాబిచ్చేవారు "ఇది ఇక్కడి ప్రశ్న కాదు" అని తలుపు వేయకుండా, "గెట్‌సీహెచ్ ప్రమాణంలో లేదు, మీకు కావలసింది టెర్మియోస్, లినక్స్ ప్రోగ్రామర్లను అడగండి" అని రాస్తే చాలు. ఆ ఒక్క పేరు తెలియకనే విద్యార్థి గంటల తరబడి వెతుకుతున్నాడు.