ఐదొందల నీలం డబ్బీ: ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్ రివ్యూ

అగ్గిపెట్టెకు అన్నలా ఉంటుంది. నీలం ప్లాస్టిక్ పెంకు, వెనక 16 పిన్నులు, కంపెనీ పేరంటూ ఏదీ ఉండదు. కారులోని ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను, సెన్సర్ల అంకెలను బ్లూటూత్ ద్వారా ఫోన్‌లో చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరుకుతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు తమ కార్లు తామే చూసుకునేవాళ్లుంటే అందరికీ కలిపి ఒకటి చాలు. చెక్ ఇంజన్ లైటు వెలిగిన ప్రతిసారీ స్కానింగుకని షెడ్డుకు పరుగెత్తే పని తప్పుతుంది. కాకపోతే కొనేటప్పుడు ఒక తిరకాసు, వాడేటప్పుడు ఇంకో తిరకాసు ఉన్నాయి.

ముందు కొనేటప్పటిది. అసలు ఈఎల్ఎం327 చిప్ కెనడాలో 2022 దాకా నడిచిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ వాళ్లది. మొదటి వెర్షన్‌కి కాపీ రక్షణ పెట్టలేదు, దాంతో నకళ్లు పుట్టుకొచ్చాయి. మనకు దొరికేవన్నీ ఆ సంతానమే. వీటి మీద 1.5 అనో 2.1 అనో రాసి ఉంటుంది. 1.5 అనే వెర్షన్‌ని అసలు కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు, అయినా నకళ్లలో 1.5 అని చెప్పుకునేవే నయం. 2.1 అని రాసినవాటిలో చాలావరకు సగం కమాండ్లు ఎగ్గొట్టిన చవక చిప్‌తో వస్తాయి. కొన్ని కార్లకు కనెక్ట్ కావు, కనెక్ట్ అయినా మధ్యలో తెగిపోతాయి. అట్ట మీద అంకె పెద్దదైతే సరుకు మంచిదనే లెక్క ఇక్కడ బెడిసికొడుతుంది. లోపల పిక్18ఎఫ్25కే80 చిప్ ఉందని రాసినదాన్ని వెతకండి. వచ్చిన రోజే ఈఎల్ఎం327 ఐడెంటిఫయర్ యాప్‌తో పరీక్షించండి, ఏ వెర్షన్ కమాండ్లకు ఎన్నిటికి జవాబిస్తోందో చూపిస్తుంది. తేడా ఉంటే వాపసు గడువు దాటకముందే పంపేయండి.

ఐఫోన్ వాడేవాళ్లు ఈ నీలం డబ్బీ కొనకండి. పాత తరహా బ్లూటూత్ కాబట్టి దానితో కలవదు. వైఫై రకం గానీ, బ్లూటూత్ ఎల్ఈ అని స్పష్టంగా రాసినది గానీ తీసుకోవాలి. వైఫై రకానికి యాప్‌లో 192.168.0.10, పోర్ట్ 35000 అని ఇస్తే చాలు.

కార్ల సంగతి: 2013 ఏప్రిల్ తర్వాత తయారైన బీఎస్4, ఆపైన బీఎస్6 కార్లతో ఇబ్బంది ఉండదు. అంతకంటే పాతవాటిలో కొన్ని కే-లైన్ అనే పాత, నిదానమైన వైరు పద్ధతి మీద నడుస్తాయి. కనెక్ట్ కావడానికే కొన్ని సెకన్లు పడుతుంది, అంకెలు కూడా నత్తనడకన మారతాయి. అది ఈ డబ్బీ లోపం కాదు.

సాకెట్ డ్రైవర్ వైపు డాష్‌బోర్డ్ కింద, సాధారణంగా బోనెట్ లివర్ దగ్గర్లో ఉంటుంది. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా గుచ్చి, తర్వాత తాళం ఆన్‌కి తిప్పండి. ఇంజన్ అప్పుడే స్టార్ట్ చేయొద్దు. ఫోన్ బ్లూటూత్‌లో జత చేసేటప్పుడు పిన్ 1234 లేదా 0000. యాప్‌లలో 'కార్ స్కానర్' అనేది బాగుంటుంది, కంపెనీవారీ ప్రొఫైల్స్ ఉన్నాయి. ఫోన్‌కి జత అయినా యాప్‌కి దొరకట్లేదంటే తొంభై పాళ్లు లొకేషన్ అనుమతి ఇవ్వకపోవడమే. కొత్త ఆండ్రాయిడ్‌లో అయితే 'దగ్గర్లోని పరికరాలు' అనే అనుమతి.

ఇక రెండో తిరకాసు. పీ0171 అని కనిపించగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లు, పీ0420 (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే కోడ్) కనిపించగానే ఆ కన్వర్టర్ ధర కనుక్కునేవాళ్లు బోలెడంత మంది. పీ0171 చెప్పేది ఒక్కటే: మంటకు గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది. ఎందుకో చెప్పదు. ఎందుకో తెలియాలంటే లైవ్ డేటాలోకి, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు పంపే అంకెల్లోకి వెళ్లాలి. ఈ ఐదొందలకు అసలు గిట్టుబాటు అక్కడే.

అక్కడ ముందు చూడాల్సింది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి లేదా తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె. బాగున్న ఇంజన్‌లో సున్నాకు అటూ ఇటూ 5 శాతం, ఎక్కువలో ఎక్కువ 10. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న కారులో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, +15, +20 చూపించి, 2500 ఆర్‌పీఎం పట్టుకోగానే 5కి దిగిందంటే ఎక్కడో వాక్యూమ్ పైపు పగిలి గాలి లాగుతోంది. ఐడిల్‌లో బాగుండి రేజ్ చేసేకొద్దీ పెరిగితే పెట్రోల్ సరిపోవట్లేదు: పంపు, ఫిల్టర్ చూడండి. లేదా ఎంఏఎఫ్ సెన్సర్ వైరుకు దుమ్ము పట్టింది. దానికి ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే మాత్రమే వాడాలి, కార్బ్ క్లీనర్ కొట్టొద్దు. మన చిన్న కార్లు చాలావాటిలో ఎంఏఎఫ్ ఉండదు, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరే. వాటిలో గాలి లీకైతే ట్రిమ్ అంతగా పెరగదు, ఐడిల్ ఆర్‌పీఎం ఎగబాకుతుంది. ఈ తేడా తెలియక లీకు లేదని తేల్చేస్తుంటారు. బయట సీఎన్‌జీ కిట్ వేయించిన కారైతే పెట్రోల్ మీద ఒకసారి, గ్యాస్ మీద ఒకసారి విడివిడిగా రాసుకోవాలి.

మ్యాప్ సెన్సర్‌ని పరీక్షించడానికి ఒక్క పానా కూడా అక్కర్లేదు. తాళం ఆన్, ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఆ సెన్సర్ చూపించేది బయటి గాలి ఒత్తిడే. విశాఖలో అయితే 100 లేదా 101 కిలోపాస్కల్స్, హైదరాబాద్ ఎత్తుమీద ఉంది కాబట్టి 95 దరిదాపుల్లో. హైదరాబాద్‌లో ఆ అంకె 82 అని కనిపిస్తే సెన్సరో దాని వైరింగో అబద్ధం చెబుతోంది. స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక, ఏసీ లేకుండా ఐడిల్‌లో 30 నుంచి 40 మధ్య ఉండాలి.

కూలెంట్ ఉష్ణోగ్రత కూడా అంతే. పావుగంట నడిపాక 85 నుంచి 95 మధ్య నిలవాలి. హైవే మీద 65, 70 దగ్గరే తచ్చాడుతుంటే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుంది, మైలేజీ పడిపోవడానికి అదీ ఒక కారణం.

మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోవడం) కోడ్‌లో చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0301 అంటే ఒకటోది. ప్లగ్గు మీదే కాయిల్ (దానికి నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చేది) ఉండే ఇంజన్ అయితే కొత్త కాయిల్ కొనకముందు ఈ పని చేయండి. ఇంజన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, వైరు పట్టుకుని లాగొద్దు. కాయిల్ బోల్టుకు చాలా కార్లలో 10 ఎంఎం సాకెట్ పడుతుంది. ఒకటో కాయిల్‌ని రెండులో, రెండోదాన్ని ఒకటిలో పెట్టి, కోడ్ చెరిపి పది నిమిషాలు నడపండి. పీ0302 వచ్చిందంటే కాయిలే దోషి. మళ్లీ పీ0301 వస్తే ఇదే పద్ధతిలో ప్లగ్గులు మార్చి చూడండి, అదీ కాకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్. ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే ట్యాపెట్ కవర్ గాస్కెట్ కారుతోందని అర్థం. దాన్ని వదిలేసి కొత్త కాయిల్ వేస్తే అదీ తినేస్తుంది.

పీ0420కి కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ చూడండి. వేడి ఇంజన్‌లో 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు స్థిరంగా ఉంటే కన్వర్టర్ పనిచేస్తున్నట్టే, సైలెన్సర్ పైపు జాయింట్లలో లీకు వెతకండి. ముందు సెన్సర్‌లాగే ఎగిరెగిరి పడుతుంటే అప్పుడు అనుమానించాలి.

వోల్టేజీ అంకెను మాత్రం నమ్మొద్దు. ఈ నకళ్లు 0.2 నుంచి 0.5 వోల్టు వరకు తప్పు చూపిస్తాయి. మల్టీమీటర్‌తో ఒకసారి పోల్చి తేడా డబ్బీ మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల గురించి దీన్ని అడిగి లాభం లేదు, చాలా కార్లలో అవి దీని మాట వినవు. తాళం కోడింగ్, డీపీఎఫ్ (డీజిల్ మసి ఫిల్టర్)ని బలవంతంగా కాల్చి శుభ్రం చేసే రీజనరేషన్ కూడా దీని పనులు కావు. అవి కావాలంటే వేల రూపాయలు పెట్టి ఓబీడీలింక్ లాంటివి గానీ, కంపెనీకి తగిన స్కానర్ గానీ చూసుకోవాలి.

పని అయ్యాక పీకేయండి. సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. ఇది 45 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు ఒక ఆంపియర్-అవర్ పైనే. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న చిన్న కారు రెండు వారాలు కదలకపోతే దాదాపు సగం ఖాళీ. ఎదురుగా పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి మోకాలు తగిలి పిన్నులు వంగే ప్రమాదం కూడా ఉంది, 30 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనుక్కుంటే మేలు.

ఇంకొకరి సాయం అడిగే ముందు కోడ్ చెరపొద్దు. చెరిపితే దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లైటు వెలిగిన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, లోడ్, కూలెంట్ వేడి, ట్రిమ్ ఎంతున్నాయో అందులోనే ఉంటాయి. ఆ పేజీ స్క్రీన్‌షాట్, ఐడిల్‌లో ట్రిమ్, 2500 దగ్గర ట్రిమ్, కారు మోడల్, సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో పంపితే తెలిసినవాళ్లు రెండు ప్రశ్నల్లో తేల్చేస్తారు. "లైటు వచ్చింది, ఏం చేయాలి అన్నా" అంటే ఎవరైనా చీకట్లో రాయి వేయాల్సిందే.

1.5 రకానికి ఐదుకి నాలుగు. 2.1కి ఒకటి, అదీ పెంకు గట్టిగా ఉన్నందుకు.