ఫిల్మ్ ఆర్కైవింగ్ చదువుకు ఏ స్కాలర్‌షిప్ మేలు?

పాత సినిమాలను భద్రపరిచే పనిని వృత్తిగా ఎంచుకోవాలనుకునే విద్యార్థులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. అమెరికాలోని మూవింగ్ ఇమేజ్ ఆర్కైవిస్టుల సంఘం, అంటే అమియా ఇచ్చే స్కాలర్‌షిప్ మంచిదా, అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్ మంచిదా, లేక నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ దారి చూసుకోవాలా అని. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే జవాబు సులభం. ఫుల్‌బ్రైట్ వస్తే ఫీజు, విమానం, బస, ఆరోగ్య బీమా అన్నిటికీ ఆసరా దొరుకుతుంది. అమియా ఇచ్చేది కొన్ని వేల డాలర్లే. న్యూయార్క్ యూనివర్సిటీ రెండేళ్ల ఎంఏ ఫీజు ముందు అది ఏ మూలకూ రాదు. పైగా సీటు వచ్చినవారికే, లేదా చదువుతున్నవారికే ఇస్తారు.

అయితే మనవారికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు గడప ఎత్తు ఎక్కువ. కనీసం మూడేళ్ల పూర్తికాలపు ఉద్యోగానుభవం కావాలి. మన మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే చాలదు. సినిమా పేరుతో విడిగా విభాగం లేదు కాబట్టి వారసత్వ పరిరక్షణ, మ్యూజియం అధ్యయనాల కిందే దరఖాస్తు రాయాలి. చదువయ్యాక స్వదేశానికి తిరిగి రావాలన్న షరతు చాలామందిని భయపెడుతుంది. తెలుగు సినిమాలను కాపాడాలనుకునేవారికి అది షరతే కాదు, ఎలాగూ వచ్చి చేయాల్సిన పనే. ఉద్యోగంలో నాలుగేళ్లు గడిపినవారు నిస్సంకోచంగా దీనికే ప్రయత్నించవచ్చు. ఇరవై రెండేళ్లవారు ఇప్పటికి దీన్ని పక్కన పెట్టాలి.

నా మటుకు నేను డబ్బు కన్నా ముందు చూసేది వేరే ఉంది. ఆ కోర్సులో విద్యార్థి చేతికి రీలు ఎంతసేపు అందుతుంది? హైదరాబాద్, చెన్నైలలో డిజిటల్‌గా గీతలు చెరిపేవారికి, రంగులు సరిచేసేవారికి కొదవ లేదు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఆ అసిటేట్ ఫిల్ము (ఒక రకం ప్లాస్టిక్ ఫిల్ము) పాడవడంలో ఏ దశలో ఉందో చెప్పగలిగినవారు మాత్రం అరుదు. కుంచించుకుపోయిన ఫిల్ము అంచు రంధ్రాలు యంత్రం పళ్లకు సరిపడవు. బలవంతాన తిప్పితే చిరుగుతుంది. అతుకులు ఎక్కడ ఊడుతున్నాయో చూసి, బాగుచేసి, మిగిలిన రెండు మూడు ప్రింట్లలో కెమెరాలో పడిన అసలు నెగటివ్‌కు దగ్గరగా ఉన్నది ఏదో తేల్చిన తర్వాతే స్కానింగ్. ఈ మొదటి సగం పని తెలిసినవారు లేకపోతే రెండో సగానికి ఎంత ఖర్చు పెట్టినా ఫలితం అంతంత మాత్రమే. రఘుపతి వెంకయ్య గారి కాలపు మూకీలలో చూడటానికి మనకంటూ దాదాపు ఏమీ మిగలలేదు. కాబట్టి మిగిలినవాటి విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ఆ కొలతతో చూస్తే అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం నడిపే సెల్జ్‌నిక్ స్కూలు ముందుంటుంది. 1996లో మొదలైంది. ఒక విద్యా సంవత్సరపు సర్టిఫికెట్ ఉంది, రోచెస్టర్ యూనివర్సిటీతో కలిపి ఎంఏ కూడా ఉంది. నిప్పు తగిలితే భగ్గుమనే నైట్రేట్ ఫిల్మును జాగ్రత్తగా నిల్వ చేసే వాల్టులు ఆ మ్యూజియానివే. చదువు అక్కడి సేకరణల మధ్యే సాగుతుంది. అమియా స్కాలర్‌షిప్ చిన్నదే అయినా ఏడాది కోర్సుకు జత చేస్తే దాని విలువ పెరుగుతుంది. అందుకే ‘ఏది పెద్ద మొత్తం’ అనే పట్టికల్లో అమియా అట్టడుగున కనిపించినా నేను దాన్ని పైకి జరుపుతాను. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవారికి మాత్రం సర్టిఫికెట్ పనికిరాదు, ఎంఏనే తీసుకోవాలి.

ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ ఎంఏ అక్కడి ‘ఐ’ (Eye) ఫిల్మ్ మ్యూజియంతో అనుబంధంగా నడుస్తుంది. బోధన ఇంగ్లీషులోనే. ఐరోపా బయటివారికి మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది, పోటీ గట్టిగానే ఉంటుంది. అక్కడ ఆలోచన, ప్రదర్శన, ఇంటర్న్‌షిప్ మూడూ కలుస్తాయి. క్యురేటర్, అంటే ఏ సినిమాను ఎలా ప్రదర్శించాలో ఎంచేవారు కావాలనుకునేవారికి రోచెస్టర్ కన్నా ఇదే నప్పుతుంది.

అన్నిటికన్నా ముందు నేను సూచించేది మాత్రం విదేశంలో లేదు. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి అంతర్జాతీయ ఆర్కైవ్‌ల సమాఖ్య ఫియాఫ్‌తో కలిసి వారం రోజుల పైచిలుకు వర్క్‌షాపులు పెడుతోంది. పుణె, చెన్నై, కోల్‌కతా తర్వాత 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో కూడా జరిగింది. పేరున్న విదేశీ నిపుణులు వచ్చి రీలు చేతికిచ్చి నేర్పుతారు. కొన్నేళ్లు ఎంపికైనవారికి స్కాలర్‌షిప్‌లు కూడా ఇచ్చారు. వారంలో ఎవరూ ఆర్కైవిస్టు అయిపోరు. కానీ దుమ్ము, వాసన, గంటల తరబడి ఒంటరి పని తమకు పడతాయో లేదో లక్షలు అప్పు చేయకముందే తెలుస్తుంది. అమియాకో, ఆమ్‌స్టర్‌డామ్‌కో రాసే దరఖాస్తులో ‘సినిమా అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం’ అన్న వాక్యం బదులు చేసిన పని రాయవచ్చు. సిఫారసు లేఖ ఇవ్వగల నిపుణుల పరిచయమూ దొరుకుతుంది.

ఇటలీలోని బొలోన్యాలో ఫియాఫ్ పునరుద్ధరణ వేసవి శిక్షణ కూడా మంచిదే, కానీ అది ఇప్పటికే ఆర్కైవ్‌లో పనిచేసేవారికే ఎక్కువ ఉపయోగం. రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్యానిధి మీద ఆశ పెట్టుకున్నవారు ముందు ఆ పథకంలోని దేశాల, సబ్జెక్టుల జాబితా చూసుకోవాలి. ఏ స్కూలుకైనా ఫీజు కట్టేముందు ఒక ఈమెయిల్ పెట్టి, విద్యార్థి వారానికి ఎన్ని గంటలు ఫిల్మును పరీక్షించే బల్ల దగ్గర కూర్చుంటాడో అడగండి. సూటిగా అంకె చెప్పని చోటికి, పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తామన్నా, నేనైతే ఎవరినీ పంపను.