అమ్మ వైపు వంశం వెతకాలంటే: జనన రికార్డా, జనాభా లెక్కలా?

తల్లి వైపు వెనక్కి వెళ్లేటప్పుడు ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారిపోతుంది. ఆమె పుట్టింటిపేరు దొరక్కపోతే దారి అక్కడితో ఆగిపోతుంది. అందుకే నేనైతే ముందు జనన రికార్డే తీయమంటాను. ఇంగ్లండ్‌, వేల్స్‌లలో 1837లో మొదలైన, పుట్టుకలనూ పెళ్లిళ్లనూ మరణాలనూ ప్రభుత్వమే నమోదు చేసే సివిల్ రిజిస్ట్రేషన్‌నే చూడండి. బిడ్డ పుట్టుక నమోదులో తల్లి పుట్టింటిపేరుకు చోటుంది. సమాచారం ఇచ్చింది తల్లే అయితే ఆమె సంతకమో, చదువు రాకపోతే ఇంటూ గుర్తో ఉంటుంది. ఆ గుర్తు పక్కన ఆమె పేరును రిజిస్ట్రార్ రాసేవాడు. తను విన్నట్టుగా రాసేవాడు కాబట్టి, స్పెల్లింగ్ తేడా ఉందని ఆ కాగితాన్ని పక్కన పడేయకండి.

జనాభా లెక్కల్లో పుట్టింటిపేరు నేరుగా ఉండదు. అక్కడి 1841 లెక్కల్లోనైతే ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా రాయలేదు, 1851 నుంచే రాశారు. కానీ ఆ బంధుత్వాల వరుసలో ‘అత్తగారు’ అని కనిపిస్తే వదలొద్దు. ఇంటి యజమాని భార్యకు ఆమె తల్లి, ఆమె ఇంటిపేరే చాలాసార్లు మీరు వెతుకుతున్నది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని ఉండొచ్చు కాబట్టి పెళ్లి రికార్డుతో సరిచూసుకోవాలి. 1911 లెక్కల్లో పెళ్లయి ఎన్నేళ్లయిందో, ఎంతమంది పిల్లలు పుట్టారో, ఎంతమంది పోయారో కూడా అడిగారు. ఏ కథల్లోనూ వినబడని పసిబిడ్డల జాడ అందులో దొరుకుతుంది.

వయసుల విషయంలో మాత్రం జనన రికార్డునే నమ్మండి.