కూడికకు రావడం మానేసినవాళ్లను ఎలా పిలవాలి: గ్రూపులో మెసేజా, పాస్టరు గారి విజిటా, పక్కింటి మనిషి పలకరింపా?

ఆదివారం ఆరాధనకు వస్తారు. బల్ల ఆరాధన (ప్రభు భోజనం) రోజు ఊళ్లో ఉంటే అసలు మానరు. బుధవారమో శుక్రవారమో వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో పదిమంది కలిసి ప్రార్థన చేసుకునే గృహ కూడికలో మాత్రం కనిపించరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ క్రైస్తవ సంఘంలో అడిగినా ఇలాంటివాళ్ల పేర్లు నాలుగైదు గబగబా చెప్పేస్తారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "చెప్పాం, రావట్లేదు." ఎలా చెప్పారన్నదే అసలు సంగతి.

ఆదివారం అంతమందిలో ఎవరైనా "బాగున్నారా" అని అడిగితే "దేవుని కృప" అనేసి చెప్పులు వేసుకుని వెళ్లిపోవచ్చు. పదిమంది చాప మీద దగ్గరగా కూర్చున్నచోట అలా కుదరదు. కొడుకు పని మానేసిన సంగతో, ఇంట్లో మాటలు లేని సంగతో అక్కడే బయటికి వస్తుంది. కూడిక మానేసిన మనిషికి అది చెప్పుకునే చోటే లేకుండా పోతుంది. కొన్నాళ్లకు ఆదివారం రావడం కూడా తగ్గిపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదంటాను.

మన దగ్గర పిలిచే తీరులు ప్రధానంగా ఐదు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్, ఆదివారం ప్రకటన, పాస్టరు గారూ పెద్దలూ కలిసి విజిట్‌కు వెళ్లడం, అదే కూడికకు వచ్చే మనిషి ఒక్కరే వెళ్లి పలకరించడం, ఏకంగా కూడికనే వాళ్లింట్లో పెట్టడం. నాలుగోదే మేలని నా నమ్మకం. మిగతావాటికి కూడా వాటి వేళ ఉంది.

మెసేజ్, ప్రకటన

"ఈ శుక్రవారం కూడిక ఫలానా వారి గృహంలో, అందరూ తప్పక రావలెను" అన్న మెసేజ్ వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ఎవరింట్లో, ఎన్ని గంటలకు అన్నది తెలుస్తుంది. రానివాళ్లకు అది తమను పిలిచినట్టు అనిపించదు. గ్రూపులో అందరికీ పెట్టిన మాటను ఎవరూ తన కోసమని అనుకోరు. పైగా పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి సొంతంగా స్మార్ట్‌ఫోన్ ఉండదు. కొడుకు ఫోన్‌కి వచ్చిన మెసేజ్ కొడుకు చూసి వదిలేస్తాడు.

ఆదివారం ప్రకటనల్లో "కొంతమంది గృహ కూడికలకు రావడం లేదు" అని చెప్పడం ఇంకా నష్టం. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ మనిషి అక్కడే కూర్చుని ఉంటే తల ఎత్తలేదు. దయచేసి ఇది మానండి. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయంలో కూడుకోవడం మానవద్దన్న మాటను రానివాళ్ల మీద ప్రయోగించడం మనకు అలవాటైంది. దానికి ముందు వచనం మాత్రం, ఒకరినొకరు ప్రేమకూ మంచి పనులకూ ఎలా పురికొల్పాలో ఆలోచించమంటోంది. ఆ ఆలోచన చేయాల్సింది వస్తున్నవాళ్లే.

ఫోన్ నిజంగా పనికొచ్చేది ఊళ్లో లేనివాళ్లకు. మన జిల్లాల నుంచి హైదరాబాద్, చెన్నై పనులకు వెళ్లినవాళ్లు, గుజరాత్ వైపు వేరావల్ బోట్ల మీదికి వెళ్లినవాళ్లు ఎంతమంది! వాళ్లకు వారానికి ఒకసారి ఒక మనిషి ఫోన్ చేసి పేరు పెట్టి పలకరించి, ఫోన్లోనే చిన్న ప్రార్థన చేస్తే అదే వాళ్ల కూడిక. 2020 లాక్‌డౌన్‌లో జూమ్‌లో కూడుకోవడం నేర్చుకున్నాం కదా, మంచం దిగలేని వాళ్లకు ఇప్పటికీ అది వాడొచ్చు. అదే వీధిలో ఉండి నడవగలిగినవాళ్లకు మాత్రం లింకు పంపి ఊరుకోకండి.

పాస్టరు గారి విజిట్

చాలా సంఘాల్లో చివరికి వేసే మార్గం ఇదే. పాస్టరు గారు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఒక్కోసారి పాస్టరమ్మ గారు బయలుదేరతారు. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. ఇంటావిడ కంగారుగా పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పిస్తుంది. పిల్లవాణ్ణి కూల్‌డ్రింక్‌కు పరిగెత్తిస్తుంది. ఆరేసిన బట్టలు లాగి లోపల పడేస్తుంది. వాక్యం చదువుతారు, ప్రార్థన చేస్తారు. లేవబోయే ముందు "కూడికకు రావట్లేదంట, ఏమ్మా?" అని అడుగుతారు. "వస్తామండి అయ్యగారూ, ఈ వారం నుంచి వస్తాం" అంటుంది. నలుగురు పెద్దల ముందు ఇంకేం అంటుంది? అసలు కారణం గుమ్మం దాటదు.

పాస్టరు గారి తప్పేమీ లేదు. మన వైపు ఒకే పాస్టరు బండి మీద రెండు మూడు ఊళ్లు చూసుకోవడం మామూలే. ప్రతి ఇంట్లోనూ గంటసేపు కూర్చునే వీలు ఆయనకు లేదు. జబ్బు చేసినప్పుడు, చావు జరిగినప్పుడు, రెండు కుటుంబాల మధ్య తగాదా ముదిరినప్పుడు ఆయన రావాల్సిందే. రోగి పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. ఆ వేళల్లో ఆయన రాకకు సాటి లేదు.

మత్తయి 18వ అధ్యాయంలోని వరస కూడా గుర్తు చేసుకోవాలి. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికైనా మొదట ఒక్కడే వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ కాకపోతే సంఘానికి చెప్పాలి. తప్పు చేసినవాడి విషయంలోనే మొదటి అడుగు ఒంటరిదైతే, ఏ తప్పూ చేయక కూడిక మానేసినవాళ్ల ఇంటికి నలుగురం కట్టగట్టుకుని వెళ్లడం ఎందుకు?

ఒక్క మనిషి వెళ్లడం

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు, తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి వైపు కూడా వాళ్ల పని సాగింది. ఆ రోజుల్లో ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడింది బైబిల్ స్త్రీలు. ప్రసంగం వినడానికి రానివాళ్లు కూడా వంటింటి గుమ్మంలో వాళ్ల మాట విన్నారు.

వెళ్లేది ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లు, మగవాళ్ల దగ్గరికి మగవాళ్లు అయితే మంచిది. వెళ్లిన మనిషి కూడిక మాట ముందు ఎత్తకూడదు. పలాస వైపు ఒక ఇల్లు అనుకోండి. జీడిపప్పు పని నుంచి వచ్చిన పెద్దావిడ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వచ్చినామె చెంబుడు నీళ్లు అడిగి పక్కనే కూర్చుంటుంది.

"ఏటి పిన్నీ, మోకాలు ఎలాగుంది?"

"ఏటుందమ్మా, ఈ మెట్లు ఎక్కలేకపోతున్నాను."

అంతే, కారణం తెలిసిపోయింది. మూడు నెలల నుంచి కూడిక మేడ మీది ఇంట్లో జరుగుతోంది. ఈవిడ విశ్వాసం చల్లారిందని కూడికలో అందరూ అనుకుంటున్నారు. కూడికను కింద వాటాకు మారిస్తే సరిపోయే పని.

అన్ని కారణాలూ ఇంత సులువుగా ఉండవు. ఒంటరిగా వెళ్లినప్పుడు వినిపించే కారణాల్లో మూడింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ మూడింటికీ మూలం కూడిక నడిపే తీరులోనే ఉంది.

మొదటిది చదువు. చాలా కూడికల్లో వాక్యం వంతులవారీగా తలో వచనం చదువుతారు. చదవడం రానివాళ్లకు ఆ వంతు దగ్గరపడుతున్న కొద్దీ చెమటలు పడతాయి. ఒకసారి "నాకు రాదండి" అని చెప్పాల్సి వచ్చిన మనిషి మళ్లీ వారం ఏదో పని ఉందంటుంది. చదవగలిగిన ఇద్దరే చదివి, మిగతావాళ్లు విన్నది చెబితే ఈ బాధ ఉండదు.

రెండోది ఫలహారం. మొదట్లో టీ, బిస్కెట్లు. తర్వాత ఒకరు ఉప్మా చేశారు, ఇంకొకరు బజ్జీలు వేశారు, మూడో ఇంట్లో భోజనాలే పెట్టారు. ప్రేమతోనే చేశారు. తన వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు లేని ఇంటావిడ వంతుకు ముందు వారం నుంచే రావడం మానేస్తుంది. ఎందుకో తనంతట తాను చెప్పదు. ఏ ఇంట్లోనైనా టీ మాత్రమే, అదీ లేకపోతే మంచినీళ్లు అని కూడికకు వచ్చేవాళ్లంతా కలిసి నిర్ణయించుకుంటే మంచిది. ఉన్నవాళ్లు ముందుగా ఈ నియమం పాటించాలి, లేనివాళ్లకు అప్పుడే ఊపిరి ఆడుతుంది.

మూడోది ప్రార్థన మనవులు బయటికి పొక్కడం. కూతురి కాపురం గురించి కన్నీళ్లతో చెప్పుకున్న మాట మర్నాడు కుళాయి దగ్గర వినిపిస్తే ఆ తల్లి మళ్లీ ఎందుకు వస్తుంది? ఇక్కడ పిలవడం కంటే ముందు చేయాల్సింది క్షమాపణ అడగడం. మాట బయటపెట్టినవాళ్లే వెళ్లి అడగాలి, పాస్టరు గారి చేత చెప్పించకూడదు. ఇకపై కూడికలో చెప్పింది కూడికలోనే ఉండాలని నడిపించేవాళ్లు ప్రతిసారీ గట్టిగా చెప్పాలి. నా దృష్టిలో మనుషులు దూరం కావడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

అప్పు సంగతి కూడా ఉంది. ఒకే కూడికకు వచ్చేవాళ్లలో ఒకరి దగ్గర ఇంకొకరు చేబదులు తీసుకుని తీర్చలేకపోతే, ఎదురుపడలేక మానేస్తారు. అప్పు ఇచ్చినవాళ్లు ఆ పిలిచే పనికి వెళ్లకపోవడమే మేలు.

వాళ్లింట్లో కూడిక పెట్టడం

ఇది మంచి ఉపాయమే, కానీ వాళ్లను ఇరకాటంలో పెట్టగలదు. "వచ్చే వారం మీ ఇంట్లోనే" అని మనమే ప్రకటించేస్తే ఒప్పుకోక తప్పదు, లోపల మాత్రం టెన్షన్. ఒకే గది ఇల్లు, భర్తకు ఇష్టం లేదు, అత్తగారు పడక మీద ఉన్నారు, ఇలా ఎన్నో ఉంటాయి. ఫిలిప్పీలో లూదియ తానే బతిమాలి పౌలునూ అతని తోటివాళ్లనూ తన ఇంట్లో ఉంచుకుందని అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో చదువుతాం. ఆ పిలుపు ఇంటివాళ్ల నుంచి రావాలి. వాళ్లు అడిగితే మాత్రం ఎంత ఇరుకు ఇల్లయినా వెళ్లాలి.

ఉద్దానం వైపు డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ల ఇళ్ల విషయం వేరు. వారానికి రెండు మూడు సార్లు సోంపేటకో పలాసకో కవిటికో వెళ్లి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వచ్చిన మనిషి ఆ రాత్రి కూడికకు రాలేడు. ఆ రోజులు కనుక్కుని, తెరిపిగా ఉన్న రోజు ఇంటివాళ్లను అడిగి, ముగ్గురు నలుగురు వెళ్లి అరగంటలో ముగించండి. ఇంటివాళ్లు కూడా అలసిపోయి ఉంటారు, వాళ్ల కోసం కూడా ప్రార్థించండి.

వేళ మార్చడమా, మనుషుల్ని మార్చడమా

పిలిచే ముందు కూడిక వేళను కూడా చూసుకోవాలి. పైడిభీమవరం కంపెనీల్లో బి షిఫ్ట్ (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా) చేసేవాళ్లు రాత్రి ఏడు గంటల కూడికకు ఎలా వస్తారు? జులై, ఆగస్టుల్లో వరినాట్లకు వెళ్లిన ఆడవాళ్లు పొద్దంతా వంగి పనిచేసి వచ్చి, వంట చేసి, తొమ్మిదిన్నర దాకా కూర్చోలేరు. ఆ రెండు నెలలూ గంటలోపే ముగించడమో, ఆదివారం ఆరాధన తర్వాత చెట్టు కిందే కూడుకోవడమో చేస్తే పోయేదేమీ లేదు. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోట్ల వేట నిషేధం. బోట్ల మీద పనిచేసే మగవాళ్లలో చాలామంది అప్పుడు ఇంటి పట్టునే ఉంటారు. ఆ ఊళ్లలో పురుషుల కూడిక మళ్లీ మొదలుపెట్టడానికి అంతకంటే మంచి కాలం లేదు.

తిరిగి వచ్చిన రోజు

చాలా నెలల తర్వాత మనిషి వచ్చి చాప అంచున కూర్చుంటే, "అబ్బో, ఇన్నాళ్లకు దారి తెలిసిందా!" అని ఎవరో ఒకరు అంటారు. నవ్వుతూ అన్నా అది గుచ్చుకుంటుంది. సాక్ష్యం చెప్పమని లేపకండి, ప్రార్థన చేయమని అడగకండి. పక్కన చోటు చేయండి, పాటల పుస్తకం అందించండి. వెళ్లేటప్పుడు చీకటైతే వీధి చివరి దాకా తోడు వెళ్లండి. పిలిచిన మనిషే మర్నాడు ఒకసారి కనిపిస్తే చాలు.

వేరే సంఘానికి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లను లాక్కురావాలని చూడకండి. వాళ్లు అక్కడ కూడుకుంటున్నారంటే సంతోషించి, పండగకో పెళ్లికో ఎప్పటిలాగే పలకరించుకుందాం.

ఇక ఎవరి ఇంటితో మొదలుపెట్టాలి? రానివాళ్ల పేర్లు రాసుకుని కూర్చుంటే ఏడాదిగా రానివాళ్ల మీదికే దృష్టి పోతుంది. ముందు నెలా రెండు నెలల్లో మానేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. కారణం ఇంకా చిన్నదిగానే ఉంటుంది, సిగ్గు ఇంకా గట్టిపడి ఉండదు. ఇంట్లో చావు జరిగినవాళ్లూ మంచం పట్టినవాళ్లూ ఉంటే అన్నిటికంటే ముందు వాళ్లే. ఒక్కొక్కరికి ఒక్క ఇల్లు చాలు, అది ఎవరి బాధ్యతో ఈ వారం కూడికలోనే మాట్లాడుకోండి.