సరళీ స్వరాలు పలకని పెట్టె: ఇరవై బటన్ల కాన్సర్టీనా, ఏడాది వాడాక

ఆయ్, ముందే చెప్పేస్తున్నా, కాస్త పెద్ద రివ్యూ ఇది. ఓపిక లేనోళ్ళకి ఒక్క ముక్క: హార్మోనియం అలవాటున్న చెయ్యి అయితే సి/జి (ఒక వరస సి స్కేలు, ఇంకోటి జి స్కేలు) ఇరవై బటన్ల ఆంగ్లో కాన్సర్టీనా, అంటే రెండు చేతులతో తోసి లాగి వాయించే చిన్న తిత్తి పెట్టె, కొనకండి. నేను కొన్నాను, 9 వేలు దాటింది, కంపెనీ పేరు చెప్పను, అయినా ఒకే బొమ్మకి పది పేర్లు పెట్టి అమ్ముతున్నారు ఆన్‌లైన్‌లో.

మాది అంబాజీపేట పక్కన. నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు, నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. ఈ పిచ్చి పట్టింది కూడా ఫిజిక్స్ వల్లే. వీట్‌స్టన్ బ్రిడ్జి (నిరోధం కొలిచే సర్క్యూట్) చెప్తూ చెప్తూ అసలీయన ఎవరా అని చూస్తే ఆ బ్రిడ్జి ముందు కనిపెట్టింది క్రిస్టీ అనే ఆయన, 1833లో, పదేళ్ళ తర్వాత వీట్‌స్టన్ దాన్ని అందరికీ తెలిసేలా చేస్తే పేరు ఈయనది పడిపోయింది. ఈయన సొంత సరుకు వేరే ఉంది, కాన్సర్టీనా, 1844లో పేటెంట్ తీసుకున్నాడు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట మొదలెట్టడానికి ఇంకా మూడేళ్ళుంది అప్పటికి. వీట్‌స్టన్ వాళ్ళది సంగీత వాయిద్యాల వ్యాపారం అంటే మా పిల్లలు నమ్మలేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి ఆర్డర్ పెట్టేశాను.

ఇక్కడే బోల్తా పడ్డాను. వీట్‌స్టన్ చేసిన పెట్టెని ఇంగ్లిష్ సిస్టమ్ అంటారు. నాకొచ్చింది ఆంగ్లో, దీని మూలం జర్మనీలో ఊలిగ్ అనే ఆయన 1834లో చేసింది. పైనుంచి చూస్తే రెండూ ఆరు పలకల పెట్టెలే, మధ్యలో తిత్తి, రెండు పక్కలా బటన్లు. లోపల సంగతే వేరు. ఆంగ్లో మౌతార్గాన్ లాంటిది, ఒకే బటన్ తోస్తే ఒక స్వరం లాగితే ఇంకో స్వరం. ఎడమచేతి సి వరసలో మూడో బటన్ తోస్తే స, లాగితే రి, నాలుగోది గ, మ, ఐదోది ప, ద, బాగానే ఉంది కదా అనుకుంటూ కుడిచేతి మొదటిదానికొస్తే తిరగబడుతుంది, ముందు లాగి ని, తర్వాత తోసి పై షడ్జమం. మా హార్మోనియం రిపేరు మేస్త్రి గారు పది నిమిషాలు చూసి "ఇదేం పెట్టె అబ్బాయ్, పుచ్చుకునేటప్పుడు ఒక మాట, ఇచ్చేటప్పుడు ఒక మాట" అన్నారు. ఇంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. చేతికొచ్చిన మొదటి పాఠం సరళీ స్వరాలు కదా, మాయామాళవగౌళలో స రి అని మొదలెడితే ఆ రాగానికి కావలసిన రి (శుద్ధ రిషభం, స పక్కనే ఉండే నల్లమెట్టు) లేదు. వెతికాను, రెండు వరసలూ తోసి లాగి వెతికాను, లేదు. సి, జి మేజర్ స్కేళ్ళలో ఉండే స్వరాలే ఇందులో ఉంటాయి, అంటే మన హార్మోనియం లెక్కలో (తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు, మధ్యలో నల్లవి అరలు) నల్లమెట్లలో నాలుగున్నర ఒక్కటే. ఒకటిన్నర, రెండున్నర, ఐదున్నర, ఆరున్నర అన్నీ గల్లంతు. ఒకటి శ్రుతిలో శంకరాభరణం, కల్యాణి, మోహనం, హంసధ్వని వస్తాయి, రెండుని షడ్జమం చేసుకుంటే ఖరహరప్రియ, హరికాంభోజి వస్తాయి, ఆరు శ్రుతికి వెళ్తే హిందోళం కూడా దొరుకుతుంది. మాయామాళవగౌళ మాత్రం ఎక్కడ షడ్జమం పెట్టినా రాదు, నోట్‌బుక్‌లో లెక్క వేసి మరీ చూశాను. మొదటి పాఠమే పలకని వాయిద్యం! నాన్న పాడేది ఒకటిన్నరలో, ఆయన విని నవ్వి ఊరుకున్నారు.

పోనీ శంకరాభరణంలో ఏదో పద్యం ఎత్తుకుందామంటే ఇంకో తంటా. మ, ద రెండూ ఈ పెట్టెలో లాగినప్పుడే పలుకుతాయి. పద్యం చివర ధైవతం మీద రాగం తీస్తూ నిలబడ్డామా, తిత్తి పూర్తిగా సాగిపోయి గాలి పట్టే చోటుండదు, బొటనవేలితో గాలి బటన్ నొక్కి బుస్సుమని మూసుకుని మళ్ళీ మొదలెట్టాలి. సీన్‌లో హరిశ్చంద్రుడు ఏడుస్తుంటే పెట్టె ఆవులించినట్టుంటుంది.

మరి వాళ్ళు దీన్నెలా వాయిస్తున్నారు అని ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఉన్న మా బావని అడిగాను. బావకి అక్కడ పబ్‌లో వారానికోసారి సెషన్ అలవాటు. స్టేజీ లేదు మైకు లేదు, బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒకరు ట్యూన్ ఎత్తుకుంటే తెలిసినోళ్ళు కలుస్తారు, తెలియనోళ్ళు రెండో చుట్టులో పట్టుకుంటారు, కాయితం చూసి వాయించేవాళ్ళు తక్కువట. "మన రామాలయం భజనే రా, ప్రసాదం బదులు బీరు" అన్నాడు. ఆంగ్లో అక్కడ మోరిస్ డాన్సుకి పెట్టింది పేరు. కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో రుమాళ్ళు, కొన్నిట్లో అచ్చం మన కోలాటం లాగా కర్రలు. 1899లో క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో విలియం కింబర్ అనే తాపీమేస్త్రి, చలికి పనుల్లేక తన జట్టుతో డాన్సుకొచ్చి ఈ పెట్టే వాయించాడు. కిటికీలోంచి చూసిన సెసిల్ షార్ప్ అనే సంగీతం మేష్టారు మర్నాడు ఆయన్ని పిలిపించి ట్యూన్లు రాసుకున్నాడు, తర్వాత ఆ షార్ప్ పేరు మీదే లండన్‌లో జానపద సంగీతానికి ఒక భవనం కట్టారు, 1930లో తెరిచారు. రాసుకున్న ఆయన పేరు భవనానికి, వాయించిన ఆయన పేరు పెట్టె పట్టినోళ్ళకే. సరే, అది మన దగ్గరా అంతేగా.

ఇది విన్నాక అర్థమైంది, ఆ తోయడం లాగడంలోనే కాలు లేచే ఊపుంది. మా వీధి పిల్లల కోలాటానికి మోహనంలో ఒక చిన్న వరస వాయించి చూశాను, స తోసి, రి లాగి, గ తోసి, ప తోసి, ద లాగి. అబ్బ, కర్ర దెబ్బకీ పెట్టె కుదుపుకీ ఎంత కలిసిందో! హార్మోనియం మీద ఆ విరుపు నాకెప్పుడూ రాలేదు.

సంక్రాంతికి బావ తన ఇంగ్లిష్ పెట్టె తెచ్చాడు, లాషెనాల్ వాళ్ళది, 48 బటన్లు, ఆ కంపెనీ 1930ల్లోనే మూతపడింది. కనుమ రోజు ప్రభల తీర్థం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని వాయించాను. తోసినా లాగినా అదే స్వరం, అన్ని నల్లమెట్లూ ఉన్నాయి, సరళీ స్వరాలు వచ్చేశాయి. కాకపోతే స ఎడమచెయ్యి, రి కుడిచెయ్యి, గ ఎడమ, మ కుడి, ఇలా పేకముక్కలు పంచినట్టు వెళ్తుంది, నా కుడిచెయ్యి ఒక్కతే అన్నీ చేసుకోవడం అలవాటైంది కాబట్టి రెండు రోజులు బుర్ర తిరిగింది. గమకాలు దీనిమీదా రావు, హార్మోనియాన్ని రేడియో వాళ్ళు 1940 నుంచి 1971 దాకా వెలేసింది ఆ కారణం చెప్పేగా.

నా పెట్టె క్వాలిటీ సంగతి. తిత్తి అట్ట, గట్టిగా ఉంది, నెల వాడితేగానీ మెత్తబడలేదు. రెండో వారంలో ఒక బటన్ లోపలే ఉండిపోయింది, అమ్మినోళ్ళకి మెయిల్ పెడితే జవాబు లేదు. మేస్త్రి గారు పక్క మరలు తీసి, జారిన స్ప్రింగు హార్మోనియం స్ప్రింగు ముక్కతో మార్చి 200 తీసుకున్నారు. వానాకాలంలో ఇంకోటి, హార్మోనియం రీడు నాలుక ఇత్తడి, దీంట్లోది ఉక్కు, గోదారి గాలికి తుప్పు పట్టి రెండు స్వరాలు అపస్వరం పలికాయి. కొసన గీకితే శ్రుతి పెరుగుద్ది, మొదట్లో గీకితే తగ్గుద్ది, ఆ పని మన హార్మోనియం మేస్త్రులకి వెన్నతో పెట్టిన విద్య కాబట్టి రిపేరు గురించి భయం అక్కర్లేదు.

కోలాటానికైతే కొనండి, మూడు స్టార్లు. పద్యానికైతే ఒక్కటి కూడా ఇవ్వను, డబ్బులు దాచుకుని ఇంగ్లిష్ సిస్టమ్ ముప్పై బటన్లదైనా చూసుకోండి. ఇంకోటి, పెట్టెతో పాటు చిన్న సిలికా ప్యాకెట్ వస్తుంది, నేను పారేశాను, మీరు పారేయకండి.