స్ప్లెండరా, షైన్ 125యా? ముందు వెనక సీటు సంగతి చూడండి

2025 దీపావళికి బండి మార్చినప్పటి నుంచి ఆఫీసులో, చుట్టాల్లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "శ్రీకాకుళంలో తిరగడానికి ఏ బండి కొనమంటావు? మైలేజీ రావాలి, లక్షకి అటూ ఇటూగా అయిపోవాలి." ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేసరికి నోరు నొప్పెడుతోంది. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను, ఇక అడిగినవాళ్లకి ఇదే పంపిస్తాను.

ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. 100 సీసీ కొందామనుకున్నవాళ్లు చాలామంది అప్పుడే 125 వైపు చూడటం మొదలుపెట్టారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. చివరికి నా దగ్గర మిగిలినవి రెండు: హీరో స్ప్లెండర్ ప్లస్, హోండా షైన్ 125. ధరలో తేడా పది వేల లోపే.

ముందు అందరూ అడిగే మైలేజీ లెక్క తేల్చేద్దాం. రోజుకి 20 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 6,000 కిలోమీటర్లు. స్ప్లెండర్ లీటరుకి 65 ఇస్తే 92 లీటర్లు పడుతుంది. షైన్ 125 లీటరుకి 55 ఇస్తే 109 లీటర్లు. తేడా 17 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన ఏడాదికి 1,870, అంటే నెలకి నూట యాభై చిల్లర. టీ, బజ్జీల ఖర్చే ఇంతకంటే ఎక్కువ అవుతుంది నాకు. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగే మెడికల్ రెప్‌కి ఈ తేడా పెద్దదే. ఊళ్లో తిరిగే మనకి దీని గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

నాకు అసలు విషయం వెనక కూర్చునే మనిషి. మన ఊళ్లో బండి మీద ఒక్కడే వెళ్లేది ఆఫీసుకి మాత్రమే. ఆదివారం అరసవల్లి అంటే వెనక అమ్మ. సాయంత్రం బజారంటే మా ఆవిడ, ఆవిడ చేతిలో రెండు సంచులు, ముందు ట్యాంకు మీద పాప. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. నేనూ అమ్మా కలిస్తే 135. బండి కంటే మేమే బరువు! ఆ బరువుతో ఏడురోడ్ల జంక్షన్లో ఆటోల మధ్య ఆగి, కదిలి, మళ్లీ ఆగినప్పుడు తెలుస్తుంది ఇంజిను సంగతి.

స్ప్లెండర్‌ది 97.2 సీసీ, 8.05 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగే బలం), నాలుగు గేర్లు. షైన్‌ది దాదాపు 124 సీసీ, 11 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్లు. బండి బరువులో మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే. అందుకే ఒక్కరే నడిపితే తేడా పెద్దగా తెలియదు, డబుల్స్ వెళ్తే తెలుస్తుంది. నా పాత 100 సీసీ బండికి (కంపెనీ పేరెందుకులెండి) అమ్మ ఎక్కితే నాగావళి వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరుకి దిగక తప్పేది కాదు. గేరు దించి, రేస్ ఇచ్చి లాగితే పెట్రోలు తాగదా మరి? ఒంటరిగా 62 ఇచ్చిన ఆ బండి డబుల్స్‌లో 50కి పడిపోయేది. ఇప్పటి షైన్ ఒంటరిగా 56, డబుల్స్‌లో 52 ఇస్తోంది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి నేను రాసుకున్న లెక్కలివి, కంపెనీవి కావు.

ఇంజిను తర్వాత సీటు. చీర కట్టుకున్న ఆడవాళ్లు ఒకవైపుకి కూర్చుంటారు కదా, వాళ్లకి సీటు బల్లపరుపుగా, ఒకటే ముక్కగా ఉండాలి. స్ప్లెండర్, షైన్ రెండూ ఇందులో మంచివే. టీవీఎస్ రైడర్ చూడటానికి బాగుంటుంది, లాగుడూ బాగుంటుంది, కానీ ఎక్కువ మోడళ్లలో సీటు రెండు ముక్కలు. అమ్మని షోరూంకి తీసుకెళ్తే దాన్ని చూసి "ఏటిరా ఇది, మంచం మీద మంచం ఏసినట్టుంది" అంది. అక్కడితో రైడర్ కథ కంచికి. కాలేజీ కుర్రాళ్లు మాత్రం నిక్షేపంగా కొనుక్కోవచ్చు.

స్ప్లెండర్ పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. 1994 నుంచి వస్తున్న బండి. పాలకొండ రోడ్డు మీదైనా, కళింగపట్నం దారిలోనైనా చెట్టు కింద కూర్చున్న మెకానిక్ దగ్గర కూడా దాని క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్ దొరుకుతాయి. అమ్మబోతే మంచి రేటు పలుకుతుంది. అయితే "ఎవరైనా బాగు చేసేస్తారు" అనే మాటకి 2020లో బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధనలు) వచ్చాక బలం కాస్త తగ్గింది. ఇప్పుడు దానికీ పాతకాలం కార్బొరేటర్ లేదు, సెన్సర్లు చూసి పెట్రోలు పంపే ఫ్యూయల్ ఇంజెక్షనే. సెన్సర్ గోల వస్తే ఏ బండైనా సర్వీస్ సెంటర్‌కి తోసుకెళ్లాల్సిందే. ఊరికి దూరంగా పల్లెలో ఉండి, ఎక్కువగా ఒంటరిగా తిరిగేవాళ్లయితే కళ్లు మూసుకుని స్ప్లెండరే కొనమంటాను.

షైన్ 100 గురించి కూడా అడుగుతున్నారు. చవక, 99 కిలోలే, సందుల్లో సైకిల్లా తిరుగుతుంది. ఎచ్చెర్ల వైపు హైవే మీద పక్క నుంచి లారీ పోతే మాత్రం ఆ తేలిక ఒంటికి తెలుస్తుంది. బజాజ్ ప్లాటినాది మెత్తని సీటు, గుంతల్లో హాయి. బజాజ్ సీఎన్‌జీ బండి మీరు రోజూ వెళ్లే దారిలో గ్యాస్ బంకు ఉంటేనే. స్కూటర్ల సంగతి నన్నడగొద్దు.

షైన్ తీసుకుంటే కొంచెం ఎక్కువైనా ముందు డిస్క్ బ్రేకు ఉన్నదే తీసుకోండి, వెనక మనిషి ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. శారీ గార్డ్, ఆడవాళ్లు కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ బిగించి ఉన్నాయో లేదో డెలివరీ రోజే చూసుకోండి. టెస్ట్ రైడ్‌కి మాత్రం ఒక్కరే వెళ్లొద్దు. మీ బండి వెనక రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్లని ఎక్కించుకుని, సాయంత్రం ఆరు గంటలప్పుడు డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఒకసారి వెళ్లి రండి.